పాయా లేబర్‌లో పెద్దమ్మ కుర్చీ

పెద్దమ్మ పోయిందన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను పాయా లేబర్‌లో ఒక ఫుడ్ కోర్టులో అన్నం ట్రే పట్టుకుని కూర్చునే చోటు కోసం తిరుగుతున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ వేళకి చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఒక్కసారిగా ఆకలితో కిందికి దిగుతాయి. బల్లలు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి గాని ప్రతి బల్ల మీదా ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. సింగపూర్‌లో దీన్ని చోప్ చేయడం అంటారు. తిండి తెచ్చుకోడానికి వెళ్ళేముందు బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి వెళితే ఆ చోటు వాళ్ళది. ఎవరూ కూర్చోరు, ఎవరూ ప్యాకెట్ తియ్యరు. పది కాగితాల పొట్లానికి ఇక్కడున్న పరపతి మా ఊళ్ళో సర్పంచికి కూడా లేదు.

చెత్తబుట్ట పక్కన గట్టు మీద ట్రే పెట్టి ఫోను చూశాను. "అమ్మ పొద్దున్నే పోయింది తమ్ముడూ. సాయంత్రం ఫోన్ చెయ్యి." అంతే ఉంది. నాకు ముందు ఏడుపు రాలేదు. సిగ్గులేకుండా నవ్వొచ్చింది. ఈ బల్లల్ని చూస్తే పెద్దమ్మ ఏమనేదో నాకు తెలుసు. "ఎంత బుద్దిమంతులు బాబూ! ఈల్లని ఒక్కపాలి మన కాశీబుగ్గ బస్టాండుకి తీసుకెల్లి వొదిలీయాల" అనేది. ఆ నవ్వు అయ్యాక అన్నం సయించలేదు.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. తెలుగు కుర్రాళ్ళు సింగపూర్‌లో విమానాల నిండా దిగుతున్న రోజులవి. జావా రాకపోయినా ఫరవాలేదు, వచ్చునని చెప్పడం వస్తే చాలనేవాళ్ళు. అలా చెప్పి దిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగం సైన్స్ పార్క్‌లో. బుకిట్ పంజాంగ్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటావిడ శ్రీకాకుళం వైపు మనిషి, ఏదో బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసేది. ఆవిణ్ణి అక్కా అనేవాణ్ణి, వాళ్ళాయన బావ, వాళ్ళ అమ్మాయి పాప. పాపది ప్రైమరీ సిక్స్. అంటే పన్నెండేళ్ళు, ఇంకా చెప్పాలంటే ఏడు ట్యూషన్లు. ఆ ఏడాది అక్క వాళ్ళమ్మ మూడు నెలల వీసా మీద వచ్చింది. అక్కకి అమ్మ గనక నాకు పెద్దమ్మ.

వచ్చిన మర్నాడే ఆవిడ సంగతి తెలిసింది. పొద్దున్న ఏడింటికి స్నానానికి వెళ్ళబోతే బాత్రూము గడప మీద ఇత్తడి చెంబు ఉంది. లోపల ఎవరూ లేరు. చెంబు పక్కకి జరిపి లోపలికి ఒక కాలు పెట్టానో లేదో వంటింట్లోంచి కేక వినిపించింది.

"బాబూ! సెంబు సూసినావు కాదేటి?"

"చూశాను పెద్దమ్మా. లోపల ఎవరూ లేరుగా?"

"నేకపోతే? సెంబున్నాది కదా. సెంబుంటే నానున్నట్టే."

ఆవిడ పప్పులోకి పోపు పెట్టి, ఆ పోపు చల్లారేదాకా ఆగి, తీరిగ్గా వచ్చింది. నేను ఆరోజు ఆఫీసుకి ఆలస్యం. మర్నాడు నేను తెలివిగా ఆరున్నరకే నా తువ్వాలు గడప మీద వేసి పడుకున్నాను. లేచేసరికి తువ్వాలు చక్కగా మడత పెట్టి నా మంచం మీద ఉంది, గడప మీద చెంబుంది. చోటు పట్టే విద్యలో నాకు ఓనమాలు కూడా రావని అప్పుడు తెలిసింది.

ఏ చోటూ ఊరికే పోనిచ్చేది కాదు ఆవిడ. మన దగ్గర బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టుకుంటాం కదా, ఆ చదువులో ఆవిడ పండితురాలు. బుకిట్ పంజాంగ్ ఎల్‌ఆర్‌టీ అని ఒక చిన్న రైలుంది, డ్రైవరు లేకుండా ఫ్లాట్ల మధ్య తిరుగుతుంది. దానికి కిటికీలు తెరుచుకోవు. అదొక్కటే ఆవిడకి ఆ రైల్లో నచ్చని సంగతి. తలుపు తెరుచుకోగానే దిగేవాళ్ళ భుజాల మీదుగా రుమాలు విసిరేది. ఒకసారి అది ఒక చైనీస్ పెద్దమనిషి తల మీద పడింది. ఆయన తీసి, మడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. ఆవిడ అందుకుని ఆయన పక్క సీటు మీద వేసింది.

లిఫ్టు ఆపడానికి తలుపుల మధ్య మునక్కాడల సంచి పెట్టేది. గుడిలో భోజనాలకి వెళితే మాకందరికీ కలిపి ఒక చాప మీద ఐదు అరటిపళ్ళు వరసగా పెట్టి వచ్చేది, ఒక్కో పండు ఒక్కో మనిషి. అక్క సిగ్గుతో చచ్చిపోయేది. "అమ్మా, ఇక్కడ అలా చెయ్యకూడదమ్మా" అని బతిమాలేది. "ఎవులూ సెయ్యకపోతే మరీ మంచిది, మనకి తేలిక" అనేది పెద్దమ్మ. పాప మాత్రం చెవుల్లో పాటలు పెట్టుకుని, "అమ్మమ్మా, సో పైసే లా!" అని గొణిగేది. పరువు పోతోందని దాని అర్థం. పెద్దమ్మ నవ్వేది. ఆ మాట ఆవిడకి తెలుసునని మాకెవరికీ తోచలేదు.

తోచే అవకాశం హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండేచోట వచ్చింది. ఒక ఆదివారం అందరం టిఫిన్లకి వెళ్ళాం. పెద్దమ్మ అలవాటు ప్రకారం రుమాలు తీసింది. బల్ల మీద అప్పటికే టిష్యూ ప్యాకెట్ ఉంది, మనిషి లేడు. అక్క చోప్ గురించి చెప్పింది. పెద్దమ్మ నమ్మలేదు.

"ఎవులూ తియ్యరా?"

"తియ్యరమ్మా."

"అరగంటైనా?"

"అరగంటైనా."

"గొడవలైతేనో? అందరూ లెగిసి పరిగెడితే?"

"ఇక్కడ గొడవలేంటమ్మా!" అని అక్క నవ్వింది.

పెద్దమ్మ ఆ ప్యాకెట్ వంక చాలాసేపు చూసింది. గుళ్ళో విగ్రహాన్ని కూడా అంతసేపు చూడటం నేనెప్పుడూ చూడలేదు. పక్క బల్ల దగ్గర కూర్చుని అందరం తింటుండగా లేచి, పరాటాలు చేస్తున్న మలే ఆవిడ దగ్గరికి వెళ్ళి వాళ్ళ మలే భాషలో గడగడా ఏదో మాట్లాడింది. ఆ పరాటాల ఆవిడ గరిటె వదిలేసి పెద్దమ్మ చేతులు పట్టుకుంది. అక్క నోట్లో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. నలభయ్యేళ్ళలో ఆవిడ వాళ్ళమ్మ నోట మలే మాట ఒక్కటి విన్నది లేదు.

"నువ్వు రంగంలో పుట్టావన్నారు కదమ్మా అందరూ?" అంది అక్క.

వాళ్ళ ఊళ్ళో సముద్రం దాటిన ప్రతివాళ్ళూ రంగం వెళ్ళినవాళ్ళే. రంగూన్ వెళ్ళినా, పెనాంగ్ వెళ్ళినా, సింగపూర్ వెళ్ళినా ఊరికి అదంతా రంగమే. ఎవరూ దిద్దలేదు. పెద్దమ్మ అసలే దిద్దలేదు. "ఈ ఊరే తల్లీ. పాయా లేబర్ పక్కన. పన్నెండేల్లదాకా ఇక్కడే" అని చెప్పి, చల్లారిపోతోందని టీ తాగేసింది.

అక్క వారం రోజులు వాళ్ళమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. విమానం టిక్కెట్టు కొన్నదీ, విమానాశ్రయంలో చెయ్యి పట్టుకుని ఎస్కలేటర్ ఎక్కించిందీ, "ఇది విదేశం అమ్మా, భయపడకు" అన్నదీ తనే. ఆ కోపం న్యాయమైనదే. నాకైతే తెగ సరదాగా ఉంది. అలా సరదా పడ్డానని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

అప్పటికి మా ఆఫీసు సైన్స్ పార్క్ నుంచి పాయా లేబర్‌కి మారింది. కొత్త భవనం, కింద మాల్, పైన ఆఫీసులు. అక్కడ ఎవరికీ సొంత కుర్చీ ఉండదు, ముందొచ్చినవాడు ఎక్కడ కూర్చుంటే అది ఆ పూటకి వాడిది. అలా కూర్చుంటే కొత్త ఆలోచనలు పుడతాయని మేనేజరు చెప్పాడు. పుట్టిన ఆలోచనల్లా రేపు ఇంకా ముందు ఎలా రావాలి అన్నదొక్కటే. నేను రోజూ తొమ్మిది దాటాక వెళ్ళి ప్రింటర్ పక్కన కూర్చునేవాణ్ణి. ఈ బాధ పెద్దమ్మకి చెబితే, "నన్ను ఒకనాడు తీసుకెల్లు. సెంబు పట్టుకొస్తాను" అంది. తీసుకెళ్ళాను. చెంబు మాత్రం ఇంట్లో వదిలించాను.

శనివారం పొద్దున్న. నేను, పెద్దమ్మ, పాప. పాపని ఎందుకు తీసుకొచ్చిందో ట్రైన్ దిగాక చెప్పింది. కాలవ మీద వంతెన దగ్గర నిలబడి, కాలవ వంపు చూసుకుని, దూరంగా మసీదు గుమ్మటం చూసుకుని, "ఇక్కడి నించి కాఫీ కొట్టుకి మూడొందల ఎనబై అడుగులు. రోజూ లెక్కెట్టుకుని నడిసేదాన్ని" అంది.

"పదండి పెద్దమ్మా, నడుద్దాం."

"నీకు బుద్దుందేటి బాబూ? నీ అడుగులు ఆటికి సరిపోతాయేటి? అవి పన్నెండేల్ల పిల్ల అడుగులు." అని పాప చెవుల్లోంచి పాటలు పీకేసింది. "నువ్వు నడు తల్లీ."

పాప నడిచింది. నాకు తెలిసి ఆ ఊళ్ళో అంతకన్నా వింత ఊరేగింపు జరగలేదు. ముందు పన్నెండేళ్ళ పిల్ల, ఇంగ్లీషులో అడుగులు లెక్కపెడుతూ. వెనక పెద్దమ్మ, అవే అడుగులు మలేలో లెక్కపెడుతూ. వాళ్ళ వెనక నేను, ఎవరైనా మా ఆఫీసువాళ్ళు చూస్తారేమోనని తల వంచుకుని. నూట ఇరవై దగ్గర గోడ అడ్డొచ్చింది. చుట్టూ తిరిగి వచ్చి గోడకి అవతల మళ్ళీ నూట ఇరవై నుంచి మొదలుపెట్టాం. రెండొందల అరవై దగ్గర ఎస్కలేటర్ పైనుంచి కిందికి వస్తోంది. పెద్దమ్మ దాన్ని ఎక్కి నడవమంది. "అమ్మమ్మా, కెనాట్ లా! అది ఆపోజిట్ వే!" అని పాప అరిచింది. ఎస్కలేటర్ లేని రోజుల్లో అది నేల కదా అని నేను కల్పించుకుని, దాని కిందనుంచి దారి తీయించాను. మూడొందల ఎనభయ్యో అడుగు ఒక మసాజ్ కుర్చీల దుకాణంలో పడింది. కచ్చితంగా చెప్పాలంటే, వరసలో మూడో కుర్చీ కాళ్ళ దగ్గర.

పెద్దకుర్చీ అది, నల్లటి తోలుది. మనిషి కూర్చుని మీట నొక్కితే వీపు, నడుము, పిక్కలు అన్నీ పిసుకుతుంది. పెద్దమ్మ చెప్పులు బయట విడిచి, పమిట సర్దుకుని, వెళ్ళి అందులో కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎదురుగా తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది.

దుకాణంలో అమ్మే ఆవిడ చైనీస్, దాదాపు పెద్దమ్మ వయసే. నవ్వుతూ వచ్చింది. "ఆంటీ, ట్రై ట్రై. ఫిఫ్టీన్ మినిట్ ఫ్రీ" అని మీట నొక్కేసింది. కుర్చీ వెనక్కి వాలి, గుర్రుమని, పెద్దమ్మని పిసకడం మొదలుపెట్టింది.

ఆవిడ కథ నాకు చెప్పింది ఆ పదిహేను నిమిషాల్లోనే. కుర్చీ ఊపులకి మాట వణుకుతూ, ఒక్కో మాట మూడు ముక్కలై వచ్చింది. ఆపమంటారా అంటే వద్దంది. నేను నవ్వు ఆపుకోడానికి బుగ్గ కొరుక్కున్నాను. కొంతసేపటికి ఆ అవసరం లేకపోయింది.

వాళ్ళ నాన్న ఓడరేవులో మూటలు మోసేవాడట. సాయంత్రం ఇంటికొచ్చి కూతుర్ని వెంటబెట్టుకుని ఈ కాఫీ కొట్టుకి వచ్చేవాడు. కొట్టు చైనీస్ వాళ్ళది, చుట్టూ మలే వాళ్ళ ఇళ్ళు, మధ్యలో నాలుగు తెలుగు కుటుంబాలు. ఒక రోజు సాయంత్రం కాఫీ తాగుతుండగా పెద్దరోడ్డు వైపు నుంచి అరుపులు వినిపించాయి. మలేలూ చైనీయులూ కొట్టుకుంటున్నారన్నారు. నాన్న లేచాడు. ఇంట్లో భార్యా, చిన్న కొడుకూ ఉన్నారు. కూతుర్ని మూడో బల్ల దగ్గర కూర్చోబెట్టి, "అమ్మనీ తమ్ముడ్నీ తీసుకొస్తాను. నానొచ్చేదాకా ఇక్కడే కూకో. సోటు ఇడిసి కదలకు" అన్నాడు. మెడలో తువ్వాలు తీసి, తనకీ వాళ్ళిద్దరికీ అని పక్కన ముగ్గురికి సరిపడా చోటులో పరిచాడు.

"కూకున్నాను బాబూ. కొట్టాయన పలకలు దించీసి తలుపులేసీసినాడు. నన్ను బల్ల కిందికి దూరమన్నాడు. నాను దూరలేదు, అయ్య కూకోమన్నాడు కదా. బయట సీసాలు పగులుతున్నాయి. పొగ వొస్తన్నాది. తెల్లారీదాకా అలగే ఉన్నాను."

తెల్లారాక పక్కింటి మలే ఆవిడ వెనక తలుపులోంచి వచ్చింది. ఇళ్ళు కాలిపోయాయని, తల్లీ తమ్ముడూ ఒక బడిలో తల దాచుకున్నారని, పదమని చెప్పింది. ఈ పిల్ల రానంది. ఆవిడ చెయ్యి కొరికింది. ఆవిడ కొరికించుకుంటూనే తన పెద్ద ముసుగు కప్పి, చంకన వేసుకుని తీసుకుపోయింది. తువ్వాలు అక్కడే ఉండిపోయింది.

"మీ నాన్న?"

"మూడో నాడు కాలవ పక్కన దొరికినాడు."

"ఎవరు చంపారో..."

"ఎవులికి తెలుస్తాది? ఈల్లు అయ్యని ఆల్లలో ఒకడనుకున్నారో, ఆల్లు ఈల్లలో ఒకడనుకున్నారో. మనం రెండిట్లో ఏదీ కాదు బాబూ. ఏదీ కానోడ్ని ఎవులైనా కొట్టొచ్చు."

కుర్చీ పిక్కల దాకా వచ్చింది. ఆవిడ కాళ్ళు రెండూ ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ తరవాత చెప్పిన మాట కోసమే ఆవిడ ఇంతదూరం వచ్చిందని నాకు అర్థమైంది. యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట.

"అయ్య మొదటి నాడే పోనాడో, మూడో నాడు పోనాడో ఎవులూ సెప్పలేదు. నాను లెగిసి ఎల్లిపోయినాక ఇక్కడికి వొచ్చి సూసినాడేమో. నాను నేకపోతే ఎతుక్కుంటూ మల్లీ ఆ రోడ్డు మీదికి ఎల్లినాడేమో. నాను కూకోనుంటే బతికేవోడేమో."

పదిహేను నిమిషాలూ అయిపోయి కుర్చీ తనంతట తనే ఆగిపోయింది. మీరు చిన్నపిల్ల పెద్దమ్మా, మీ తప్పేముంది అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసింది. అది ఎవరైనా చెప్పే మాటేనని, అది ఆవిడ తనకు తానే ఎన్నోసార్లు చెప్పుకుందని ఆ చూపులో ఉంది. దుకాణం ఆవిడ వచ్చి పెద్దమ్మ ముఖం చూసి, ఏమైందని మలేలో అడిగింది. వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. పెద్దమ్మ వేలితో నేల చూపించింది. దుకాణం ఆవిడ కూడా నేల వంక చూసింది. చాలాసేపు ఇద్దరూ ఆ మెరిసే పలకల్లో ఏదో ఉన్నట్టు చూశారు. తరవాత ఆవిడ మళ్ళీ మీట నొక్కింది. ఇంకో పదిహేను నిమిషాలు.

పాప ఇదంతా వింది. వినడం లేదనుకున్నాం, మళ్ళీ పాటలు పెట్టుకుంది కదా అని. ఇంటికి వెళ్ళేటప్పుడు రైల్లో వాళ్ళమ్మమ్మ పక్కన సీటు మీద తన స్కూల్ బ్యాగ్ పెట్టి, ఎవరొచ్చినా తియ్యలేదు.

ఆ తరవాత ప్రతి శనివారం పెద్దమ్మ పాయా లేబర్ వెళ్ళి మూడో కుర్చీలో కూర్చునేది. అక్కకి నేనే చెప్పాను. అక్క ఏడ్చింది, కోపం పోయింది, కానీ ప్రతివారం తీసుకెళ్ళడానికి కుదిరేది కాదు. పాపకి లెక్కల ట్యూషను. నేను ఓవర్‌టైమ్ వంక పెట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి. "అయ్య వొచ్చీలోగా నడుం నొప్పైనా తగ్గుతాది" అనేది పెద్దమ్మ. నిజంగానే తగ్గింది. మనవరాలి ట్యూషన్ టీచరుకి కూడా ఆ కుర్చీ కొనుక్కోమని సలహా ఇచ్చింది.

మధ్యలో టీకో, బాత్రూముకో లేవాల్సి వస్తే కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళేది. ఒకసారి నా కళ్ళతో చూశాను. భార్యాభర్తలు కుర్చీ కొనడానికే వచ్చారు. మూడోదాని దగ్గరికి వచ్చారు, ప్యాకెట్ చూశారు, పక్కకి వెళ్ళి నాలుగోది చూసుకున్నారు. అది అమ్మకానికి పెట్టిన కుర్చీ. దుకాణంవాళ్ళ సరుకు. అయినా వాళ్ళు చోప్ అని వదిలేశారు. దుకాణం ఆవిడ కూడా, "ఆ ఒక్కటీ టేకెన్ లా" అని సర్దిచెప్పింది. ఆ రోజు పెద్దమ్మ ఆనందం చూడాలి. యాభై ఏళ్ళ కిందట నాన్న పరిచిన తువ్వాలుకి ఎవరూ ఇవ్వని మర్యాద, ఇప్పుడు ఒక కాగితాల పొట్లానికి దొరికింది.

వీసా అయిపోయే వారం వచ్చింది. పొడిగింపు దొరకలేదు. రెండోసారి కూడా ఆవిడ ఆ చోటు వదిలి వెళ్ళాలి. మళ్ళీ ఇంకొకరి చెయ్యి పట్టుకుని, మళ్ళీ తన ఇష్టం లేకుండా. ఆ వారమంతా ఆవిడ పప్పులో ఉప్పు మరిచిపోయింది. బాత్రూము గడప మీద చెంబు కూడా పెట్టలేదు. నేను ఏడింటికి హాయిగా స్నానం చేశాను, అది నాకు అస్సలు నచ్చలేదు.

చివరి రోజు విమానం మధ్యాహ్నం. పొద్దున్నే పాయా లేబర్ వెళ్ళాలంది. అక్క, బావ, పాప సామాన్లతో టాక్సీలో బయట ఆగారు. నేను ఆఫీసు వేళకి ముందే అక్కడికి చేరుకున్నాను. పెద్దమ్మ కుర్చీలో రెండు నిమిషాలు కూర్చుంది. తరవాత లేవబోయి లేవలేకపోయింది. కుర్చీ చేతుల మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"టిష్యూ ప్యాకెట్ పెట్టి రండి పెద్దమ్మా" అన్నాను.

"కాయితం సాలదు బాబూ. ఇది మనిషి కూకోవల్సిన సోటు." నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కూకో. నానొచ్చేదాకా."

"మీరెప్పుడొస్తారు పెద్దమ్మా?"

"అయ్య సెప్పినాడేటి, ఎప్పుడొస్తాడో? నువ్వు కూకో అంతే."

ఆవిడ లేచింది, నేను కూర్చున్నాను. నేను కూర్చున్నాకనే నా చెయ్యి వదిలింది. మధ్యలో ఒక్క క్షణం కూడా ఆ కుర్చీ ఖాళీగా లేదు. ఆవిడ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. ఉన్నానని చెయ్యి ఊపాను. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు గాని, దుకాణం ఆవిడ వచ్చి అలవాటుగా మీట నొక్కేసింది. నేను వణుకుతూ, చెయ్యి ఊపుతూ, కళ్ళు తుడుచుకున్నాను.

పదకొండు నిమిషాలు కూర్చున్నాను. అప్పుడు మేనేజరు ఫోన్ చేశాడు. మా ఆఫీసులో రోజూ పొద్దున్న పదిహేను నిమిషాలు అందరూ నిలబడి ఒక మీటింగ్ చేస్తారు. "అందరూ నిలబడ్డారు, నువ్వెక్కడ?" అన్నాడు. నేను లేచి పరిగెత్తాను. ఆవిడ టాక్సీ అప్పటికి విమానాశ్రయం కూడా చేరి ఉండదు.

ఆ తరవాత ఆవిడ ఊరినుంచి నెలకోసారి ఫోన్ చేసేది. కుశల ప్రశ్నలుండేవి కావు. "కూకున్నావేటి?" అనేది. "కూర్చున్నాను పెద్దమ్మా" అనేవాణ్ణి. లిఫ్టులోంచి చెప్పాను, రైల్లో నిలబడి చెప్పాను, ఒకసారి ఆఫీసు మరుగుదొడ్డిలోంచి చెప్పాను, అదొక్కటే కూర్చుని చెప్పింది. ఏడాదిన్నరకి ఆ దుకాణం మూసేశారు. దుకాణం ఆవిడ ఎటు వెళ్ళిందో తెలియదు. ఇప్పుడక్కడ పళ్ళ డాక్టరు ఉన్నాడు. అయినా చెబుతూనే ఉన్నాను. "కుర్చీ బాగున్నాదా?" అంటే, "కొత్తగా తోలు వేశారు పెద్దమ్మా" అన్నాను ఒకసారి. ఆ అబద్ధానికి నాకు ఇప్పటికీ సిగ్గే. కానీ పన్నెండేళ్ళ పిల్ల ఒక రాత్రంతా కూర్చున్న చోట నేను పదకొండు నిమిషాలు కూర్చోలేకపోయానని ఆవిడతో ఎలా చెప్పను? చెప్పాల్సిందేనని ఇప్పుడు అనిపిస్తోంది. మేనేజరు పిలిస్తేనే లేచిపోతాడు మనిషి, పన్నెండేళ్ళ పిల్లని చంకన వేసుకుని పోతే మీరేం చేస్తారు పెద్దమ్మా అని చెప్పి ఉంటే, ఆవిడకి కాస్త తేలికయ్యేదేమో.

సాయంత్రం ఇంటికి వెళ్తూ ఎల్‌ఆర్‌టీలోంచి అక్కకి ఫోన్ చేశాను. అదృష్టం కొద్దీ సీటు దొరికింది. అక్క ఊళ్ళోనే ఉంది, గొంతు బొంగురుపోయింది. నాలుగు రోజులుగా అమ్మకి స్పృహ వస్తూ పోతూ ఉందని, పాప వీడియోలో మాట్లాడితే నవ్విందని చెప్పింది. పాప ఇప్పుడు పాలిటెక్నిక్‌లో చదువుతోంది.

"రాత్రి కాస్త తెలివొచ్చింది తమ్ముడూ. నీ గురించే అడిగింది. నీకొక మాట చెప్పమంది. ఏమిటో నాకర్థం కాలేదు, అన్నది అన్నట్టు చెప్తాను."

"చెప్పక్కా."

"ఆ బాబుని పాపం ఎన్నాల్నించో కూకోబెట్టీసినాను, నడుం పట్టీసుంటాది. ఇంక నాను రాను. లెగిసి ఇంటికెల్లిపోమని సెప్పు, అంది."

వాళ్ళ నాన్న ఆవిడకి చెప్పి పంపలేకపోయిన మాట అది. అక్క రెండుసార్లు హలో అంది. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, సీట్లోంచి లేచి నిలబడ్డాను. నేను దిగిపోతున్నాననుకుని ఎదుట నిలబడ్డ ముసలాయన నా సీట్లో కూర్చున్నాడు. మా స్టేషన్ ఇంకా ఐదు స్టేషన్ల అవతల ఉంది.